కల్లంలో పీపాలు ఎవరు పెట్టారు?

మొన్న ఒక కొత్త ఆట ఆడుతున్నాను. వీడియో ఆటలు తయారుచేయడం నా పని కాబట్టి ఎవరు ఏది విడుదల చేసినా ఒకసారి ఆడి చూడాల్సిందే. అందులో మంచుకొండల మధ్య ఒక ఊరు, ఊరి చివర పాడుబడ్డ కోట, కోట గుమ్మం పక్కన ఒక చెక్క పీపా. నా వేలు దానంతట అదే బటన్ నొక్కింది. పీపా భళ్ళున పగిలి లోపలి నుంచి బంగారు నాణేలు గెంతుకుంటూ బయటికి వచ్చాయి. "ఎవరు పెట్టారే అక్కడ?" అని నా వెనకాల ఎవరో గట్టిగా అడిగినట్టయింది. ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఆ వెంటనే వెనక్కి తిరిగి చూశాను. అలా అడిగే మనిషి పోయి ఏడాది కావస్తోంది.

ఆవిడ పేరు రాయను. రాస్తే "ఊళ్ళో ఇంతమంది ఉండగా నా పేరే దొరికిందే నీకు?" అని ఎక్కడున్నా కేకేస్తుంది. గురజాలలో మా ఎదురిల్లు. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఊరందరికీ టీచరమ్మ, నాకు టీచరత్త. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే గుండె మా వీధిలో ఎవరికీ లేదు. గంజి పెట్టిన నూలు చీర, మణికట్టు లోపలివైపుకు తిప్పి కట్టుకున్న వాచీ, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు, మైకు అక్కర్లేని గొంతు. ఆవిడ వాకిట్లో నిలబడి "ఒరేయ్" అంటే బస్టాండు దగ్గర ఆటోవాళ్ళు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాళ్ళని మా నాన్న అంటాడు. కొంచెం పెంచి చెబుతాడులెండి, కానీ మరీ ఎక్కువేం పెంచడు.

ఏదైనా సరిగ్గా ఉందనిపిస్తే ఆవిడ చూపుడు వేలితో గాల్లో రైటు మార్కు కొట్టేది. టీ సరిగ్గా మరిగితే రైటు. పాస్టరుగారు ఆదివారం ప్రసంగం టైముకు ముగిస్తే ముందు వరసలోంచి రైటు. పాపం ఆయన ఆ వేలు లేచిందో లేదో చూసుకుని గాని ఆమెన్ అనేవాడు కాదు. మా అమ్మ ఒకసారి గుత్తివంకాయ తీసుకెళితే గిన్నె మూత తీసి, వాసన చూసి, వేలి కొసతో ఇంత నాకి, "నాకు వంకాయ పడదు, తెలుసు గదా. కూర మాత్రం సరిగ్గా వండావు" అని రైటు కొట్టి, గిన్నె తన చెల్లెలి కూతురి ముందుకు జరిపింది. "తినని కూరకి మార్కులేంది వదినా" అని మా అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రైటులో ఎంతుందో అప్పుడు నాకు అర్థమైతే ఒట్టు.

ఆటల్లోకి ఆవిడ రావడానికి కారణం మోకాళ్ళు. రెండు మోకాళ్ళకీ నరసరావుపేటలో ఆపరేషన్ అయింది. కొన్ని నెలలపాటు కుదురుగా కూర్చోవాలన్నాడు డాక్టరు. జీవితంలో కుదురుగా కూర్చోని మనిషికి అంతకన్నా పెద్ద శిక్ష ఉంటుందా? సీరియళ్ళు పెడితే "ఈ పిల్ల ఆ సంగతి వాళ్ళత్తతో చెబితే అయిపోయే కథకి ఇన్నాళ్ళెందుకే?" అని టీవీని తిట్టేది. ఆవిడతో ఉండే చెల్లెలి కూతురు మా ఊరి ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయి తన పాత గేమ్ బాక్స్ తెచ్చి టీవీకి తగిలించింది. పెద్దమ్మ నోరు కాసేపు మూతపడితే చాలనుకుంది. మూతపడలేదు, ఇంకో వైపు తెరుచుకుంది.

నేనప్పుడు హైదరాబాదులో ఒక ఆటల కంపెనీలో పనిచేస్తున్నాను. సెలవుకు నడికుడిలో రైలు దిగి ఇంటికొచ్చానో లేదో ఆవిడ దగ్గర్నుంచి పిలుపు. ఈ వయసు ఆడమనిషికి ఎలాంటి ఆట ఇష్టమవుతుందో నాకు బాగా తెలుసనుకుని, చక్కటి పొలం ఆట ఒకటి పెట్టి ఇచ్చాను. విత్తనాలు చల్లాలి, నీళ్ళు పోయాలి, కోళ్ళకు గింజలు వేయాలి. వెనకాల పిల్లనగ్రోవి. కాసేపు ఆడి రిమోటు ఒళ్ళో పెట్టుకుంది. ఆటను ఆడించే ఆ చేతిపెట్టెను చివరిదాకా ఆవిడ రిమోటనే అనేది.

"మా నాన్న నా చేత పదో తరగతి దాకా ఈ పనే చేయించాడే. చెయ్యనని ఏడిచి, తన్నులు తిని, చదువుకుని టీచరునయ్యా. ఇప్పుడు కరెంటు బిల్లు కట్టి మరీ కోళ్ళకి గింజలెయ్యమంటావా?"

"మరి ఏది కావాలత్తా?"

"తుపాకులుండేది లేదా?"

ఉంది. అదే ఆవిడది. తుపాకులు, కార్లు, కత్తులు, ఎగిరే సైనికులు. ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, కొంగు నడుముకు దోపి, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి కాల్చేది. కాలుస్తూ హాజరు పిలిచినట్టు మాట్లాడేది. "నువ్వు లేవరా. నువ్వెక్కడికిరా పోయేది? గోడ చాటునున్నోడా, నిన్ను చూశా." ఒకరోజు సాయంత్రం పాస్టరుగారు ప్రార్థనకు వచ్చారు. ఆవిడ ఆట ఆపి, కొంగు తల మీద కప్పుకుని, కళ్ళు మూసుకుని, శత్రువుల కోసం కూడా భక్తిగా ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక కొంగు తీసి రిమోటు అందుకుంది. పాస్టరుగారు వెళ్ళడానికి లేచి, గుమ్మం దగ్గర ఆగి, టీవీ వంక చూసి, చిన్నగా దగ్గి "అమ్మగారూ, మీ ఎడమ పక్కన ఒకడున్నాడు" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ప్రార్థనకు కొంచెం ముందే వచ్చేవారు.

నా రుచి దీనికి పూర్తిగా వ్యతిరేకం. నాకు శత్రువులు లేని ఆటలు కావాలి. వాన పడుతున్న ఊళ్ళో నడవాలి, ఖాళీ ఇళ్ళలోకి తొంగి చూడాలి, ఎవరో వదిలేసిన వస్తువులను బట్టి వాళ్ళ కథ ఊహించుకోవాలి. నాకు ప్రాణమైన ఆటొకటి ఆవిడకు చూపించాను. చాలాసేపు బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఎప్పుడు మొదలవుద్దే?" అంది. "అయిపోవచ్చిందత్తా" అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు, అబ్బ, ఏ పిల్లకీ టీచరు దగ్గర అలాంటి చూపు పడకూడదు.

ఇద్దరం దీని మీద చాలా వాదించుకునేవాళ్ళం. ఆవిడ తగ్గేది కాదు. నేనూ తగ్గలేదు. మొహాన చెప్పేదాన్ని, నీది మొరటు రుచి అని. నీది జ్వరం వచ్చినోళ్ళ రుచి అనేది. కానీ ఒక విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. కొత్త తుపాకీ ఆట ఏదైనా తెచ్చిపెడితే కాసేపు కాల్చి పెదవి విరిచేది. "ఇది నేను ఆడిందే. చొక్కా మార్చుకొచ్చింది." నాకిష్టమైన నడక ఆటల్లో కూడా చొక్కా మార్చుకొచ్చినవి ఇట్టే పట్టేసేది, అవంటే పడకపోయినా సరే. "నీ ఇష్టం నీది, నా ఇష్టం నాది. కాపీ ఎవరికైనా కాపీయే" అనేది.

కాపీ పట్టడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. పరీక్ష హాల్లో ఎలా పట్టేదానివత్తా అంటే ఒకసారి చెప్పింది. "రైటు ఆన్సరు అందరిదీ ఒక్కలాగే ఉంటదే. దాన్ని బట్టి ఏం చెప్పలేం. నేను తప్పులు చూసేదాన్ని. ముందు బెంచీవాడిదీ వెనక బెంచీవాడిదీ తప్పు కూడా ఒక్కటే అయితే, ఇంకేముంది, దొరికారు." ఆ మాటకు నేను చప్పట్లు కొట్టాను. నన్నే పట్టుకోవడానికి పనికొస్తుందని తెలిస్తే కొట్టేదాన్ని కాదు.

ఎందుకంటే నేనప్పటికే ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేశాను. కంపెనీలో నా పనంతా చొక్కాలు మార్చడమే. ఎక్కడో బాగా ఆడుతున్న ఆటను తెచ్చి, మిఠాయిల బదులు మామిడిపండ్లు పెట్టడం, పండ్ల బదులు టపాకాయలు పెట్టడం. ఇక నా వల్ల కాదు, నాదైన ఆట నేను చేస్తానని వచ్చేశాను. మా నాన్న చిన్న మిరప రైతు. ఆయన అరవలేదు, కోప్పడలేదు. "మిరపకోతలయ్యి కాయ అమ్ముకునే దాకా చూద్దాం. అప్పటికి నీ ఆట నిలబడితే సరే. లేకపోతే మళ్ళీ రైలెక్కాలి, మాటేనా?" అన్నాడు. మాటే అన్నాను. కంపెనీ మేనేజరు అప్పుడప్పుడూ ఫోన్ చేసి నీ కుర్చీ ఖాళీగానే ఉందని గుర్తుచేసేవాడు. అది మంచితనమో ఎగతాళో తెలిసేది కాదు. నేను మటుకు పనుందని చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని.

అందుకని నా ఊరినే ఆటగా చేశాను. మిరప కల్లం. ఎర్రగా ఎండుతున్న కాయ, తలగుడ్డలు కట్టుకున్న కూలి ఆడవాళ్ళు, ఎండలో మెరిసే గ్రానైటు రాళ్ళ గట్లు, పాటలు పెట్టుకుని పోయే ఆటోలు. కాయ గలగలలు నిజం కల్లంలోనే రికార్డు చేశాను. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఆట నా దగ్గరుందని పొంగిపోయి, అందరికన్నా ముందు టీచరత్తకు చూపించాను. ఆవిడ వేలు గాల్లోకి లేస్తే చాలు, ఇక ఎవరేమన్నా నాకు లెక్కలేదు.

కళ్ళజోడు పెట్టుకుంది. రిమోటు తీసుకుంది. కాసేపు కల్లమంతా తిరిగింది.

"మన కల్లమే. బాగా గీశావు. ఆ మూలన అదేందే?"

"పీపా అత్తా."

"కల్లంలో పీపా ఎవరు పెట్టారే?"

"పగలగొడితే డబ్బులొస్తయ్యి."

"ఎవరి డబ్బులు?"

"ఎవరివీ కాదు. ఆటల్లో అట్టానే ఉంటయ్యి."

"ఏ ఆటల్లో?"

"అన్నిట్లో."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని నాకు వినపడలేదు. ఆవిడ పీపాను పగలగొట్టకుండానే ముందుకు పోయింది. చివర్లో, ఓడించాల్సిన శత్రువుగా, లావుపాటి దళారి వచ్చాడు. ఎగిరాడు, దూకాడు, మళ్ళీ ఎగిరాడు, ఆయాసపడి కూర్చున్నాడు. కూర్చున్నప్పుడు కొడితే ఓడిపోతాడు. కొట్టి, ఓడించి, ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మొన్న నేను కాల్చిన రాక్షసుడు కూడా ఇట్టానే ఎగిరి, ఇట్టానే ఆయాసపడ్డాడు. వాడికి కొమ్ములుండె. నువ్వు మీసం పెట్టావు."

"నీకు నా ఆటలు మొదట్నించీ నచ్చవు. అందుకే ఇట్టా అంటన్నావు."

"నచ్చటం సంగతి నేనెత్తానా? పీపా పెట్టటం తప్పు. ఆ తప్పు నీది కాదు, ఎవడో ఎప్పుడో చేసింది. అందరూ దాన్నే దించుకుంటన్నారు, నువ్వూ దించావు. మిరపకాయ పోస్తే మనదైపోద్దా?" అని, కొంచెం మెత్తగా, "కాపీ కొట్టావే పిల్లా" అంది.

లేచి వచ్చేశాను. ఏడుపూ కోపమూ ఒకేసారి వస్తే ముందు ఏది కానివ్వాలో తెలియదు. రెండూ కానిచ్చాను. చాలా రోజులు ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడ వాకిట్లో నుంచి "ఏమే, బతికున్నావా?" అని అరిచేది. మా అమ్మే "ఉంది వదినా" అని జవాబు చెప్పేది. పీపాలు తీసేసి చూశాను. దళారిని తీసేసి చూశాను. అవన్నీ తీసేస్తే మిగిలింది ఎర్రటి బొమ్మొకటి. అందులో ఆటే లేదు. ఈలోగా పొలంలో కోతలు సగం దాటాయి.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం నాన్న కాయ తిరగేయడానికి రమ్మంటే కల్లానికి వెళ్ళాను. మాచర్ల రోడ్డు పక్కన పెద్ద ఖాళీ స్థలం. ఎన్నో ఇళ్ళవాళ్ళ కాయ అక్కడే ఎండుతుంది, ఒకరి రాశి పక్కన ఒకరిది. మాది అవతలి కొసన. నాన్న సంచుల కోసం ఊళ్ళోకి పోయాడు. నేను ఇవతలి కొసన కుండలో నీళ్ళు తాగుతుంటే ఆటో వచ్చి ఆగింది. అందులోంచి చేతికర్ర, దాని వెనకాల టీచరత్త. ఏడాదికి సరిపడా కారానికి కాయ ఆవిడే స్వయంగా ఏరుకోవాలి, ఇంకొకరిని నమ్మదు. నన్ను చూసింది. నేను మొహం తిప్పుకున్నాను.

ఆ తిప్పుకున్న వైపు నుంచే, సాగర్ మీదుగా, మబ్బు కమ్ముకొస్తోంది. చూస్తుండగానే గాలి లేచింది, చినుకు మొదలైంది. ఎండిన కాయ తడిస్తే ఇంకేముంది, రంగు పోయి తాలు అవుతుంది, ఏడాది కష్టం గంగలో పోసినట్టే. నేను చెంబు పారేసి మా రాశి వైపు పరుగెత్తాను.

"ఏమే! ఎక్కడికే ఆ పరుగు?"

ఆ గొంతుకు నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. అలవాటు అలాంటిది.

"మాది అటుందత్తా!"

"అటున్నోళ్ళు అటుది కప్పుతారు! నీ కాళ్ళ దగ్గరున్నదాన్ని చూడవే ముందు!"

చూశాను. నా చుట్టూ అందరూ అదే చేస్తున్నారు. ఎవరూ తమ రాశి వైపు పరుగెత్తడం లేదు. ఎవరు ఎక్కడుంటే అక్కడి రాశి మీదికి పట్టా లాగుతున్నారు. రోడ్డు మీద పోతున్న లారీ ఆపి డ్రైవరు కూడా దిగి ఒక కొస పట్టుకున్నాడు. ఎవరిదో తెలియని రాశి మీద, పేరు తెలియని ఒకావిడతో కలిసి నేను పట్టా కప్పాను, అంచుల మీద రాళ్ళు పెట్టాను. చేతులు ఇక్కడ పనిచేస్తున్నాయి, ప్రాణం మాత్రం అక్కడుంది. వాన తెరలో అవతలి కొస కనబడటం లేదు. మాది ఎవరన్నా కప్పారా? కప్పి ఉంటారా? ఎవరో వేసిన కుర్చీలో కూర్చుని కర్రతో చూపిస్తూ ఆవిడ అందరినీ కేకలేస్తూనే ఉంది. తనకంటూ అక్కడ ఒక్క కాయ కూడా లేదు.

వాన వెలిశాక వణుక్కుంటూ వెళ్ళి చూశాను. మా రాశి మీద పట్టా చక్కగా కప్పి ఉంది. ఒక అంచున మాత్రం కాస్త తడిసింది. ఎవరు కప్పారో తెలియదు. నాన్న వచ్చాక అడిగితే "ఎవరో ఒకళ్ళు కప్పి ఉంటారులే" అని సంచులు దించుకున్నాడు. ఎవరో కనుక్కోవాలని కూడా అనుకోలేదు. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఇందాక ఆ వానలో నాకు పట్టిన గుబులు, ఎదుటివాళ్ళది కప్పుతూ నాది ఎవరు కప్పుతారోనని పడిన ఆ బాధ, ఎన్ని ఆటలాడినా ఎప్పుడూ పడలేదు. తుపాకీ ఆటల్లో లేదు, నడక ఆటల్లో లేదు. ఎక్కడా లేదు.

ఆటంతా మళ్ళీ మొదటి నుంచి కట్టాను. కొట్టేది లేదు, శత్రువు లేడు, పీపా అసలే లేదు. నలుగురు ఆటగాళ్ళు, నాలుగు ఫోన్లు, నాలుగు రాశులు. వాన ఎప్పుడు వస్తుందో తెలియదు. వస్తే నీ దగ్గరున్న రాశి కప్పగలవు. నీది మాత్రం ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. కావాలంటే పరుగెత్తుకెళ్ళి నీదే కప్పుకోవచ్చు, ఆట అడ్డుకోదు. అంతే.

మొదటిసారి టీచరత్త వరండాలోనే ఆడించాను. ఆవిడ, నర్సమ్మాయి, పాస్టరుగారు, మా అమ్మ. ఆటలో వాన మొదలైంది. మా అమ్మ బొమ్మ టీచరత్త రాశి పక్కనే ఉంది. మా అమ్మ దాన్ని తొక్కుకుంటూ పోయి తన రాశి కప్పుకుంది. టీచరత్త కాయంతా తడిసి తెల్లగా తాలైపోయింది.

"ఎవరే ఈ పని చేసింది?" అంది టీచరత్త, ఎవరో తెలిసి కూడా.

"నాది తడుస్తందని పోయా వదినా."

"నా రాశి మీదుగా పోయావు! పట్టా నీ కాలికి తగిలింది, చూశా!"

"ఆటే కదమ్మా" అన్నారు పాస్టరుగారు.

"ఆట కాబట్టే పోయింది. నిజం కల్లంలో అయితే ఇట్టా పోయేదా? అడగండి!"

మా అమ్మ మొహం మాడిపోయింది. ఫోన్ అక్కడ పెట్టి, చెప్పులేసుకుని, రోడ్డు దాటి ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ ఇంటికీ ఈ ఇంటికీ కూర గిన్నె కదలలేదు. "ఆట చేస్తానని కొట్లాట చేసి పెట్టావు" అన్నాడు నాన్న. నా ఆట పోతే పోయింది, ఇన్నేళ్ళ పొత్తు పోయేట్టుందని నాకు ఏడుపొచ్చింది. పొలంలో ఆఖరి కోత కూడా అయిపోయింది. నా పెట్టె తీసి దుమ్ము దులిపాను.

ఒక పొద్దున్న మా అమ్మే వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఆ ఆట పెట్టవే. పోయొస్తా." నేనూ వెనకాలే వెళ్ళాను. మా అమ్మ వరండాలో టీచరత్త పక్కన కూర్చుని, తల ఎత్తకుండా, "ఈసారి ముందు నీదే కప్పుతా వదినా" అంది. "నాది దూరమైతే నాది కప్పమాకు. దగ్గరున్నదాన్ని కప్పు" అంది టీచరత్త, ఫోన్ అందుకుంటూ. మళ్ళీ నలుగురూ కూర్చున్నారు. వాన వచ్చింది. ఎవరి దగ్గరున్నది వాళ్ళు కప్పారు. అందరి రాశులూ నిలబడ్డాయి. పాస్టరుగారు గట్టిగా ఊపిరి వదిలారు.

టీచరత్త కళ్ళజోడు తీసింది. ఆవిడ నా వంక చూసి, మెల్లగా చూపుడు వేలెత్తి, గాల్లో రైటు మార్కు కొట్టింది.

"ఇట్టాంటిది నేను ఎక్కడా చూళ్ళేదు."

ఎగిరి వాటేసుకోబోయాను. చేత్తో ఆపింది.

"నాకు మాత్రం నచ్చలేదు. ఒక్కడ్నీ కొట్టేది లేదు, గెలిచామో లేదో తెలవదు, వాన కోసం కూర్చోవాలి. నా వల్ల కాదు."

"మరి రైటెందుకు కొట్టావత్తా?"

"ఇందులో తప్పులున్నయ్యే. చానా ఉన్నయ్యి. కానీ ఒక్కటీ చూసి రాసింది లేదు. అన్నీ నీ సొంతం" అని, "జరుగు, టీవీకి అడ్డం" అంటూ తన రిమోటు అందుకుంది. కాసేపటికి వరండా నిండా తుపాకుల మోత.

ఆ రోజే మేనేజరుకు ఫోన్ చేసి ఆ కుర్చీలో ఇంకెవరినైనా కూర్చోబెట్టుకొమ్మన్నాను. ఇప్పుడు నా ఆట ఎక్కడెక్కడి వాళ్ళో ఆడుతున్నారు. మిరపకాయ మొహం చూడనివాళ్ళు కూడా ముక్కూమొహం తెలియని వాళ్ళ కాయకు పట్టా కప్పుతున్నారు. కొందరు బాగుందంటారు, కొందరు బోరంటారు. బోరన్నవాళ్ళ మీద నాకు కోపం రాదు. నచ్చలేదన్న మాటను అంతకన్నా దర్జాగా విన్నదాన్ని నేను.

టీచరత్త ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. జ్ఞాపకార్థ కూటం నాడు అందరూ భోజనాలు చేసి వెళ్ళాక, ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ పక్కన నేనూ నర్సమ్మాయీ కూర్చున్నాం. నేను నవ్వుతూనే అన్నాను, "మీ పెద్దమ్మకి నా ఆట మాత్రం చివరిదాకా నచ్చలేదు" అని.

"నచ్చలేదక్కా. రోజూ తిట్టేది. దిక్కుమాలిన ఆట, దిక్కుమాలిన వాన అని."

"రోజూ ఎందుకు తిట్టటం?"

"రోజూ ఆడేది గదా. పొద్దున్నే ప్రార్థనవంగానే, టీవీ జోలికి పోకముందే, ఫోన్ తీసి వాన పడుతున్న చోటల్లా ఒక పట్టా కప్పి పక్కన పెట్టేది. నచ్చనప్పుడు ఎందుకాడతావు పెద్దమ్మా అని ఒకసారి అడిగా. నా మీద గయ్యిమని లేచింది" అని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "'నాకు నచ్చలేదని ఎవరి కాయో తడవాలా ఏందే?' అంది."